మహాసముద్రములో తరగతి గది

శ్రోతలకును మాకును నడుమ నున్న సంబంధములో ఒక లోపము కలదు. మేము మాటలాడుదుము, మీరు విందురు. ఏ వాక్యము వద్ద మీకు సందేహము కలిగినదో, ఎక్కడ మా మాట తప్పుగా వినబడినదో, ఎప్పుడు మీరు విసిగి రేడియో కట్టివేసి లేచితిరో మాకు తెలియదు. సంగీతమునకు, వార్తలకు దీనివలన పెద్ద నష్టము లేదు. పాఠమునకు మాత్రము కలదు. చెప్పుట పాఠములో సగము. విన్నవాడు పొరపాటుగా గ్రహించినదేదో తెలిసికొని సరిదిద్దుట తక్కిన సగము.

1982లో హైదరాబాదునందు సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. దేశములో అటువంటిది అదియే మొదటిది. నేడది డాక్టరు బి. ఆర్. అంబేద్కరు పేరుతో నున్నది. ఉద్యోగములు చేసికొనువారు, ఇల్లు చక్కబెట్టుకొను స్త్రీలు ఇంట కూర్చుండి పుస్తకములు చదివిరి, రేడియోలో పాఠములు వినిరి. సందేహము మిగిలినచో సెలవునాడు బస్సెక్కి సమీపమున నున్న అధ్యయన కేంద్రమునకు పోయి అధ్యాపకుని అడిగిరి. బస్సు అను ఆ చిన్న సౌకర్యము దూరవిద్యలో ఎంతటి భాగమో మనకు తోచదు. బస్సు పోవుటకు నేలయే లేనిచోట ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు అర్ధశతాబ్దికి పైగా సమాధానము వెదకుచున్న ఒక విద్యాసంస్థను గూర్చి నేడు చెప్పదలచితిమి.

అది దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయము. 1968లో ఫిజీ దేశపు రాజధానియగు సువా నగరమున తరగతులు మొదలుపెట్టినది. న్యూజీలాండు వైమానిక దళమువారు సముద్రవిమానములను నిలుపుకొనుచుండిన లౌదాలా అఖాతపు ఒడ్డున, వారు విడిచిపోయిన కట్టడములే దానికి తొలి భవనములు. నేడు ఫిజీ, సమోవా, టొంగా, సాలమన్ దీవులు, వనువాటు, కిరిబాటి, టువాలు, నవురు, కుక్ దీవులు, నియువే, టోకెలావు, మార్షల్ దీవులు అను పండ్రెండు దేశములు ఈ విశ్వవిద్యాలయమునకు ఉమ్మడి స్వాములు. ఒక విశ్వవిద్యాలయము ఒక రాష్ట్రమునకో దేశమునకో చెందియుండుట మనకు అలవాటు. ఇక్కడ ఒక్కొక్క దేశము తనకై వేరుగా విశ్వవిద్యాలయమును పోషించుకొనలేనంత చిన్నదగుటచే అందరును కలసి ఒకదానిని పెట్టుకొనిరి.

ఈ పండ్రెండు దేశములు వ్యాపించిన సముద్రపు వైశాల్యము సుమారు 3 కోట్ల 30 లక్షల చదరపు కిలోమీటర్లు. అనగా మన భారతదేశమువంటివి పది పట్టునంత నీరు. అందులో నేల అంతయు కలిపి సుమారు 64 వేల చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణములో సగమున కించుక మించును. ఆ నేలలో అధికభాగము సాలమన్ దీవులు, ఫిజీ, వనువాటు అను మూడు దేశములకే పోగా, మిగిలినది తొమ్మిది దేశములకు చిల్లర. కిరిబాటిని చూడుడు. (ఆ పేరును ఆ దేశస్థులు ‘కిరిబాస్’ అని పలుకుదురు, వారి లిపిలో ఆ ధ్వనికి వేరే అక్షరము లేదు.) ముప్పదిమూడు దీవుల దేశమది. రాజధానియున్న తరావా దీవి నుండి అదే దేశమునకు చెందిన కిరితిమాతి దీవికి సుమారు 3,300 కిలోమీటర్లు. మన దేశము ఉత్తరపు కొననుండి దక్షిణపు కొనవరకు నున్న దూరముకంటె అది ఎక్కువ. ఒకే ప్రభుత్వము, ఒకే విద్యాశాఖ; నడుమ అంతయు నీరు.

చదువు కావలసినవారు సువాకు పోయి చదువుకొనరాదా అని మీకు తోచవచ్చును. పోవుచున్నారు, వేలకొలది పోయిరి. కాని ఆ పోవుటలోనే చిక్కు కలదు. ఒక ఉదాహరణము ఊహింతము. ఒక పగడపు దీవి, మూడునాలుగు వందల జనము, ఒక చిన్న బడి, ముగ్గురు ఉపాధ్యాయులు. అందులో ఒకామెకు గణితమున పట్టభద్రురాలు కావలెనని కోరిక. ఆమె పట్టభద్రురాలైన బడికి మేలే. కాని ఆమె మూడేండ్లు సువాకు పోయినచో ఈ మూడేండ్లు గణితము చెప్పువారెవరు? ఆమె పిల్లలను చూచువారెవరు? మూడేండ్లు నగరమున నుండి, విద్యుద్దీపముల వెలుగునకు అలవాటుపడి, పట్టము చేతబట్టుకొనిన పిమ్మట ఆమె ఆ దీవికే తిరిగివచ్చునని నమ్మకమేమి? దీవికి చదువు తెచ్చుటకు బయలుదేరినవారే దీవినుండి శాశ్వతముగ తరలిపోవుట అక్కడి కుటుంబములు బాగుగా ఎరిగిన సంగతి.

టోకెలావు సంగతి ఇంకను స్పష్టము. అటాఫు, నుకునోను, ఫకావోఫో అని మూడు పగడపు దీవులు. అన్నిటి నేల కలిపి పండ్రెండు చదరపు కిలోమీటర్లకు మించదు. ఒక్కొక్క దీవికి ఒక్కొక్క బడి. విమానాశ్రయము లేదు. సమోవాలోని అపియా రేవునుండి నావయే గతి. ఆ ప్రయాణమునకు ఒక పగలు, ఒక రాత్రి పట్టును. ఆ మూడు దీవులలో నివసించువారు 1,500 మందికి అటునిటు. న్యూజీలాండులో స్థిరపడిన టోకెలావువారు దానికి అయిదురెట్లకంటె ఎక్కువ. అందరును చదువుకొరకే పోయిరని చెప్పరాదు. 1966 నాటి తుపాను పిమ్మట వలస కొంత, ఉద్యోగములకై కొంత. అయినను పెద్ద చదువులు ఊరిలో లేకుండుట అను కారణము ఆ ఓడ మెట్లమీద ఎప్పుడును ఉండినది.

కావున చదువునే దీవికి పంపవలెనను ఆలోచన కలిగినది. ఈ యాలోచన కొత్తది కాదు. న్యూజీలాండు ప్రభుత్వము 1922లోనే తపాలా పాఠశాల నొకదానిని వెల్లింగ్టన్ నగరమున పెట్టినది. దీపస్తంభములను కాచువారి పిల్లలు, బడి లేని మారుమూలల పిల్లలు తపాలాలో పాఠములు తెప్పించుకొని చదివి, వ్రాసిన సమాధానములను తిరుగుతపాలాలో పంపుచుండిరి. మొదట దానికి ఒక్క ఉపాధ్యాయినియే. 1930లలో ఆ పాఠములకు రేడియోయు తోడైనది. తల్లి వంటయింటి బల్లవద్ద పిల్లవానిని కూర్చుండబెట్టి పాఠము చదివించుట ఆ పద్ధతిలో ముఖ్యభాగము. అనగా ఇంటిలో నొక పెద్ద, ఎంతో కొంత చదివినవారు, ఉండవలెను. ఆ దేశమున అది చెల్లినది. పసిఫిక్ దీవులలో చదువరి తానే ఇంటి పెద్ద, సాయము చేయువారుండరు. అదియును గాక పుస్తకము ఇంగ్లీషులో నుండును. వనువాటులో నూటికి మించిన భాషలు, సాలమన్ దీవులలో డెబ్బదికి అటునిటు. ఇంగ్లీషు అక్కడ అనేకులకు రెండవ భాష, మూడవ భాష. పుస్తకములో ఒక వాక్యము కొరుకుడుపడలేదన్న తిప్పి చెప్పువారు కావలెను.

1970ల తొలినాళ్ళలో దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయము విస్తరణ సేవ యను పేరుతో దూరవిద్యను ప్రారంభించినది. ముందుగా ఉద్దేశించినది పనిలోనున్న ఉపాధ్యాయులను. ప్రతి సభ్యదేశమునందును ఒక కేంద్రము; ఆ కేంద్రమున ఒక అధికారి, కొన్ని పుస్తకములు, ఒక గది. సువాలో ముద్రించిన పాఠముల కట్ట ఓడలోనో విమానములోనో కేంద్రమునకు చేరును. అక్కడనుండి చిన్న పడవలలో వెలుపలి దీవులకు పోవును. చదువరి అభ్యాసము వ్రాసి అదే మార్గమున త్రిప్పి పంపవలెను.

ఇక్కడ కొంచెము లెక్క వేయుదము. వెలుపలి దీవికి పడవ మూడువారముల కొకమారు వచ్చునని అనుకొందము. అభ్యాసము వ్రాసిన మరునాడే పడవ రాదు. సగటున పది దినములు అది పెట్టెలో నుండును. కేంద్రము చేరి, తరువాతి విమానమున సువా చేరుటకు మరి రెండువారములు. అధ్యాపకుడు దిద్దుటకు ఒక వారము. తిరుగు ప్రయాణమున మరల అంతయును. మొత్తము రెండునెలలు. ఈ రెండునెలలలో ఆమె మొదటి పాఠములోని తప్పును నమ్ముకొని దానిమీద రెండవ పాఠమును, మూడవ పాఠమును కట్టుకొని పోయియుండును. తప్పు దిద్దిన కాగితము చేరునప్పటికి ఆమెకు ఆ ప్రశ్నయే జ్ఞాపకముండదు. పైగా, పరీక్ష దగ్గరపడియుండును. బీజగణితములో మొదటి మెట్టున ఒక గుర్తు తారుమారైనచో ఏమగునో మన యిండ్లలోని పిల్లల నడిగినను చెప్పుదురు.

దూరవిద్యలో చదువు మానివేయువారు అధికమని లోకమంతట వినుచున్నదే. సోమరితనమని దానికి పేరు పెట్టుట సులభము. మా యభిప్రాయము వేరు. రెండునెలలు ఎదురుచూచి, సమాధానము రాక, తాను చేయుచున్నది సరియో కాదో తెలియక, చివరకు పుస్తకమును అటకమీద పెట్టినవారిని సోమరులనుట న్యాయము కాదు. పాఠములు పంపుటకు ఎన్ని యేర్పాట్లైనను జరుగును. ప్రశ్న తిరిగివచ్చుటకు చేసిన యేర్పాటెంత అన్నదియే చూడవలసిన విషయము.

ఈ సమయమున ఒక విచిత్రమైన సాయము ఆకాశమునుండి లభించినది. అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసా 1966 డిసెంబరు 7న ఏ.టి.ఎస్.-1 అను ప్రయోగాత్మక ఉపగ్రహమును పైకి పంపినది. అది భూమధ్యరేఖకు పైన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, భూమి తిరిగినంత కాలములోనే తానును ఒక చుట్టు తిరుగుచుండును. కావున క్రిందనుండి చూచువారికి ఆకాశమున ఒకేచోట నిలిచినట్లుండును. అది నిలిచిన చోటు పసిఫిక్ మహాసముద్రము నడుమ. దాని ప్రయోగములు చాలవరకు ముగిసిన పిమ్మట హవాయి విశ్వవిద్యాలయము దానిని విద్యకు, వైద్యమునకు వాడుకొనుటకు అనుమతి పొంది, 1971లో ‘పీస్‌శాట్’ అను పేరుతో దీవుల నడుమ మాటల మార్గమును తెరచినది. కొలదికాలమునకే దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయమునకు కూడ తన కేంద్రములను కలుపుకొనుటకు ఆ ఉపగ్రహముపై వేళలు లభించినవి.

ఆ యంత్రముల చవకదనము ఆశ్చర్యము కలిగించును. టాక్సీలలో పెట్టుకొను రేడియో యంత్రముల వంటివానిని సవరించి, ఇంటికప్పు మీద చేతితో అమర్చుకొనదగిన ఏరియలును బిగించి, దానిని ఉపగ్రహము వైపు త్రిప్పినచో చాలును. కోటలవంటి భూకేంద్రములు, గంపెడు ధనము అవసరము లేకపోయెను. బొమ్మలు రావు, మాట మాత్రమే. అదియును అందరికి కలిపి ఒకే మార్గము. ఒకరు మాటలాడుచున్నప్పుడు మిగిలినవారందరు వినవలసినదే. మీట నొక్కి మాటలాడవలెను, మీట విడిచి వినవలెను. మాట ముగిసినదని చెప్పుటకు ‘ఓవర్’ అనవలెను. మీటయు నోరును ఒక్కసారి కదలించు కొత్తవారి మొదటి అక్షరము తెగిపోవును. కావున మీట నొక్కి, ఒక్క క్షణమాగి, అటుపిమ్మట నోరు తెరవవలెనని నేర్చుకొనవలసివచ్చును.

మాట పైకి 36 వేల కిలోమీటర్లు పోయి, మరల 36 వేల కిలోమీటర్లు దిగవలెను. రేడియో తరంగము సెకండునకు మూడు లక్షల కిలోమీటర్లు పోవును గనుక ఈ ప్రయాణమునకు సుమారు పావు సెకండు. అడిగి సమాధానము వినుటకు అర సెకండు అదనము. పడవ రెండునెలలలో చేసిన పనిని ఇది అర సెకండులో చేసినది అని చెప్పుట అతిశయోక్తి కాదు. అయితే కట్టలకొలది అభ్యాసములను అది మోయలేదు. కాగితములకు పడవ, సందేహమునకు ఆకాశము: ఇట్లు రెండును పని పంచుకొనినవి.

ఆ తరగతి జరుగు తీరు ఇట్టిది. నియమితమైన వేళకు చదువరులు తమతమ దేశములలోని కేంద్రమునకు వచ్చి బల్లచుట్టు కూర్చుందురు. సువాలోని అధ్యాపకుడు ఒక్కొక్క కేంద్రమును పేరుపెట్టి పిలుచును. హోనియారా పలుకును, తరావా పలుకును, నుకుఅలోఫా పలుకును, రారొటొంగా పలుకును. హాజరు పుస్తకములో పేర్లకు బదులు ఊళ్ళు. తరువాత అధ్యాపకుడు ఉపన్యాసము చేయరాదు. ఉపన్యాసము పుస్తకములో ముందే యున్నది. గంట కాలములో పది కేంద్రములకు పంచిన ఒక్కొక్కదానికి ఆరు నిమిషములే. కావున వారు ముందుగనే తమలో తాము చర్చించుకొని, అడుగదగిన ప్రశ్నను తీర్చిదిద్దుకొని రావలెను. ఆ ప్రశ్నను తీర్చుటకు కూర్చుండిన ఆ అరగంటలోనే సగము సందేహములు తీరిపోవుననుటలో మాకు సందేహము లేదు.

వేరొక లాభము ఎవరును ముందుగా లెక్కవేయనిది. ఒకే మార్గమగుటచేత హోనియారావారు అడిగిన ప్రశ్నను తరావావారును వినిరి, సమాధానమును వినిరి. తనకు తోచని ప్రశ్నను వేరొకరు అడుగుట, తనకున్న సందేహమే వేయి మైళ్ళ అవతల నొక అపరిచితునికి కూడ ఉన్నదని తెలియుట, ఒంటరి చదువరికి ఎంతటి ధైర్యమో తపాలాలో చదివినవారికే తెలియును. పెద్దలయెదుట ప్రశ్నించుట మర్యాద కాదని పెరిగినవారు మన పల్లెలలోను కలరు, ఆ దీవులలోను కలరు. అట్టివారికి ‘మా కేంద్రము పక్షమున ఒక ప్రశ్న’ అని అడుగుట సులువు. యంత్రములోని పేదరికమే ఇక్కడ గుణమైనది. తరగతులకే గాక, రోగములు ప్రబలినప్పుడు వైద్యులు కూడ ఈ మార్గమునే వాడుకొనిరి.

కాని ఇదియంతయు ఎరువు సొమ్ము. ఉపగ్రహము వేరొకరిది; దానిని దీవులకొరకు ఎవరును పంపలేదు. 1985లో దానిని స్థానమున నిలుపు ఇంధనము తీరిపోగా, పదునెనిమిదేండ్లకు పైగా పనిచేసిన ఆ ఉపగ్రహము తన చోటునుండి జారిపోయినది. దానితో తరగతి కూడ జారిపోయినది. ఎరువిచ్చినవారిని తప్పుపట్టుటకు వీలులేదు. కాని ఒక ప్రాంతపు విద్యను మొత్తముగ ఉచితముగ దొరకిన వస్తువుమీద కట్టుటలోని ప్రమాదము ఆ నాడు అందరికి అర్థమైనది. పిదప కొన్ని కేంద్రములను టెలిఫోను సంస్థల ద్వారా, కొన్నింటిని షార్టువేవు రేడియో ద్వారా కలుపుకొనవలసివచ్చినది. షార్టువేవు సంగతి మా శ్రోతలకు చెప్పనక్కరలేదు: ముఖ్యమైన మాటవద్ద స్వరము పలుచబడును, తుమ్మెదల రొద నడుమ సమాధానము మునిగిపోవును. వినోదమునకై వినువారు ముల్లు త్రిప్పి వేరొక స్టేషనునకు పోవుదురు. పరీక్షకు చదువువారు ఎక్కడికి పోవుదురు?

ఈ స్థితి సుమారు పదునైదేండ్లు సాగినది. 2000లో జపాను, న్యూజీలాండు, ఆస్ట్రేలియా ప్రభుత్వముల సాయముతో విశ్వవిద్యాలయము తన సొంత ఉపగ్రహ జాలమును, ‘యు.ఎస్.పి. నెట్’ను, నెలకొల్పుకొనినది. ఈసారి ఉపగ్రహములోని భాగమును అద్దెకు తీసికొని, ప్రతి కేంద్రమునందును సొంత పళ్ళెపు ఏరియలును పెట్టుకొనిరి. మాటతోపాటు బొమ్మయు, కాగితపు ప్రతులును, కంప్యూటరు సమాచారమును పోవుట మొదలైనది. చెప్పువారందరు సువాలోనే యుండవలెనను నియమమును సడలినది. న్యాయశాస్త్రము వనువాటు రాజధాని పోర్టువీలాలోను, వ్యవసాయశాస్త్రము సమోవాలోని అలాఫువాలోను బోధింపబడుచున్నవి. అక్కడి అధ్యాపకుల మాట తక్కిన దీవులకు పోవచ్చును.

ఈ కథలో తెలుగువారికి సంబంధించిన చిన్న పుట ఒకటి కలదు. చెరకు తోటలలో పనిచేయుటకు ఒప్పందపు కూలీలుగా భారతీయులు 1879 నుండి ఫిజీకి పోయిరి. 1903 నుండి మద్రాసు రేవుగుండ దక్షిణాదివారిని ఎక్కించుకొని పోయినప్పుడు వారిలో మన తెలుగువారును ఉండిరి. ఒప్పందపు గడువు తీరిన పిదప అక్కడనే నిలిచిపోయినవారు ముందుగా తలపెట్టిన పనులలో బడి ఒకటి. దక్షిణాదివారందరి సంఘము 1926లో ఏర్పడగా, ఆంధ్రులు 1941లో తమ సొంత సంఘమును పెట్టుకొనిరి. ఈ సంఘములు పాఠశాలలు నడపినవి. ఫిజీలోని రెండవ పెద్ద దీవియైన వనువా లేవులో లంబాసా పట్టణము చెరకు పండు ప్రాంతపు నడిబొడ్డు. అక్కడను దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయపు శాఖ కలదు. చెరకు నరుకు కాలమున ఇల్లు విడిచి సువాకు పోవుటకు వీలులేని రైతు కుటుంబమునకు, రాత్రి చదువుకొను పాఠమునకు అర్థము వేరే చెప్పవలెనా?

నేడు పాఠము చాలవరకు ఇంటర్నెట్టులో పోవుచున్నది. సముద్రగర్భపు కేబుళ్ళు ఒక్కొక్క దేశమును తాకుచున్నవి. కాగితపు కట్టకై పడవకు ఎదురుచూచు అవసరము రాజధానులలో తగ్గినది. దీవులన్నియు ఇక పట్టణములైనవని తలచినచో పొరపాటు. రాజధాని దీవికి కేబులు వచ్చుట వేరు, వెలుపలి దీవిలోని ఇంటికి వచ్చుట వేరు. అక్కడ సూర్యరశ్మితో నిండు చిన్న బ్యాటరీ దీపమునకా, ఫోనునకా అన్న ప్రశ్న వచ్చును. చదువరి ఫోను తెరమీద పాఠము చదువుటకు ఆమెకు కన్నులు మాత్రమే చాలవు. దానిని నింపుటకు డబ్బును ఉండవలెను.

2022 జనవరి 15న టొంగా దేశమున హుంగా టొంగా అగ్నిపర్వతము సముద్రమున బ్రద్దలైనది. ఆ దెబ్బకు ఆ దేశమును లోకముతో కలుపు ఒక్క కేబులును తెగిపోయినది. ముఖ్య దీవికి దానిని బాగుచేయుటకు అయిదువారములు పట్టినది. దేశములోని ఇతర దీవులకు పోవు కేబులు బాగగుటకు ఒక సంవత్సరముకంటె ఎక్కువ పట్టినది. ఆ కాలములో పనిని నెట్టుకొనివచ్చినవి మరల ఉపగ్రహములే. 1985లో ఉపగ్రహము పోయి తీగలు ఆదుకొనినవి. 2022లో తీగ తెగి ఉపగ్రహము ఆదుకొనినది. ఒక్క దారినే నమ్ముకొనిన దేశమునకు రెండుమార్లును ఒకే బాధ.

యంత్రములు మారినను కేంద్రము మాత్రము పోలేదు. ప్రతి దేశమునను ఒక గది, అందులో మనిషి. ఆ మనిషి పని పుస్తకములలో వర్ణింపబడునంత చిన్నది కాదు. రెండువారములుగా కానరాని చదువరి ఇంటికి కబురు పంపవలెను. ఇంగ్లీషు వాక్యమును దీవి భాషలో విప్పి చెప్పవలెను. పరీక్ష నాడు తుపాను వచ్చినచో సువాకు ఫోను చేసి మరియొక దినము అడుగవలెను. కొత్త యంత్రమునకు డబ్బు ఇచ్చువారు దొరకుదురు. ఈ మనిషి జీతమునకు ఇచ్చువారు అంత సులువుగా దొరకరని మా అనుమానము. ఏ దేశపు విద్యాశాఖ లెక్కలలోనైనను ఇదియే వరుస.

చివరగా, సుదూరపు తరగతికి మాత్రమే వచ్చు ఒక చిక్కును చెప్పి ముగింతుము. అంతర్జాతీయ దినరేఖ ఈ విశ్వవిద్యాలయపు ప్రాంతము నడుమగుండ పోవును. ఫిజీలో సోమవారమైనప్పుడు కుక్ దీవులలో ఇంకను ఆదివారము. వారు దేవాలయమున నుందురు, తరగతికి రారు. కుక్ దీవులలో శుక్రవారమైనప్పుడు ఫిజీలో శనివారము, అధ్యాపకుడు ఉండడు. కావున ఇరుదేశములకును కలిసివచ్చు పనిదినములు వారమునకు నాలుగే. సమోవా, టోకెలావు దేశములును ఒకప్పుడు రేఖకు అవతలనే యుండి, 2011లో డిసెంబరు 30వ తేదీని వదలివేసి, 29 తరువాత 31కి దుమికి ఇవతలికి వచ్చినవి. కిరిబాటి దానికి ముందే, 1995లో, తూర్పు దీవులకై రేఖను జరుపుకొనినది. ఫలితముగ నేడు కిరితిమాతిలోను, కుక్ దీవులలోని రారొటొంగాలోను గోడగడియారము ఒకే వేళను చూపును. తేదీ మాత్రము ఒకచోట నేడు, మరియొకచోట నిన్న. ఇంటర్నెట్టులో అభ్యాసము పంపవలసిన చదువరికి ‘ఈ అర్ధరాత్రి లోపల’ అని నోటీసు వ్రాయు అధ్యాపకుడు ఎవరి అర్ధరాత్రియో వ్రాయుట మరచినచో, తరావాకు, అలాఫువాకు, రారొటొంగాకు ఒక్కొక్కటిగ విడివిడి ఉత్తరములు వ్రాసి సంజాయిషీ చెప్పుకొనవలసి యుండును.